నీళ్లు ఆగిన కాడ

తువ్వాలకు కొబ్బరినూనె వాసన.

బస్సు కుదుపుకు బిచ్యా కళ్లు తెరిచాడు. భుజం మీది తువ్వాల కొస పక్క సీట్లో ఉన్న భార్య ఒళ్లో ఉంది. రూప్లి వేళ్లు ఆ కొసన వేలాడే దారాల్లో ఉన్నాయి. మూడు పోగులు విడదీస్తుంది. ఒకదాని మీద ఒకటి వేస్తుంది. బిగిస్తుంది. ముడి వేస్తుంది. మళ్లీ మూడు పోగులు...

చూపు మాత్రం కిటికీ బయట.

ముందు వేళ్లకు నూనె రాసుకుంటుంది. చిన్న సీసా ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, అప్పుడు మొదలుపెడుతుంది. జడ వేసే ముందు ఏ తల్లయినా అంతే కదా.

పోయిన వానాకాలం నుంచి ఆ ఇంట్లో అల్లిక పడని తువ్వాల లేదు. దుప్పటి కొసలు అయ్యాయి, గోనెసంచి అంచులు అయ్యాయి, చివరికి మేకను కట్టే తాడు కూడా అయింది. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో పంపుల దగ్గర తోటివాళ్లు మొదట్లో నవ్వారు. "ఏంది తమ్మీ, తువ్వాలకు జడలేసుకొచ్చినవ్?" అని మంగయ్య ఆటపట్టించాడు. సంగతి తెలిశాక అందరి నోళ్లూ మూతపడ్డాయి. మంగయ్య అయితే చాన్నాళ్లు బిచ్యా మొహంలోకి చూడలేకపోయాడు.

ఈ బస్సు మాట్లాడింది ఆ మంగయ్యే.

గని వాళ్ల కుటుంబాలన్నీ కలిసి సముద్రం చూడ్డానికి పోతున్నాయి. అంతర్వేది. అక్కడ గుడి ఉంది. లైట్‌హౌస్ ఉంది. చేపల పడవలు వచ్చి ఆగే హార్బరు ఉంది. గోదారి సముద్రంలో కలిసే చోటు ఉంది. మంగయ్య ఒక్కొక్కటీ వేళ్ల మీద చెబుతుంటే పిల్లలు కేకలు వేశారు. బిచ్యాకు మాత్రం చివరి మాట ఒక్కటే వినిపించింది.

గోదారి కలిసే చోటు.

అందుకే ఈ బస్సెక్కాడు. అందుకే ఆమెనూ ఎక్కించాడు.

వాళ్ల పిల్ల పేరు జ్యోత్స్న. బడిలో సారు పెట్టిన పేరు. తండాలో ఎవరికీ నోరు తిరగలేదు, జోస్న అయింది. "గట్ల గాదు యాడీ" అని పిల్ల తల్లిని చూసి నవ్వేది. నాలుక ఎక్కడ పెట్టాలో నోరు తెరిచి చూపించేది. తల్లి చూసేది, బుద్ధిగా ప్రయత్నించేది, మళ్లీ జోస్న అనే అనేది.

భద్రాచలంలో హాస్టల్. ఇంటర్. అక్కడ రెండు జడలు, నీలం రిబ్బన్లు, అది కాలేజీ రూలు. ఇంటికొస్తే తల్లి రూలు. గుమ్మంలో కూర్చోబెట్టి, రెండు జడలూ విప్పేసి, నూనె పట్టించి, మూడు పాయలు తీసి ఒకటే జడ. నడుము దాటి వేలాడే జడ. గట్టిగ గుంజకు అని పిల్ల, కదలకు అని తల్లి. ఆ గొడవ వింటూ బిచ్యా మంచంలో పడుకుని ఉండేవాడు. అంతకంటే సుఖం ఉండదని అతనికి అప్పుడు తెలియదు.

పోయిన వానాకాలం సెలవులకు బయల్దేరింది. రోడ్డు మీద బస్సు దిగి ఆటో ఎక్కింది. అడవిలో పైన ఎక్కడో వాన పడింది. తండాకు వచ్చే దారిలో వాగు మీద చప్టా ఉంది. చప్టా మీద నీళ్లు పిక్కలు దాటలేదు, పోవచ్చు అనుకున్నాడు డ్రైవరు. సగం దాటేసరికి వాగు వచ్చేసింది. డ్రైవరుకు చెట్టు కొమ్మ అందింది. ఆటో రెండు మలుపుల కింద రాళ్లలో దొరికింది. సంచీ ఇసుకలో దొరికింది. సంచీలో దువ్వెన. దువ్వెనకు చుట్టి పెట్టిన ఒక నీలం రిబ్బను.

పిల్ల దొరకలేదు.

ఆ పూట బిచ్యా గనిలో నీళ్లు తోడుతున్నాడు. అదే అతని పని. బొగ్గు గొయ్యిలోకి దిగిన వాన నీళ్లను పంపులు పెట్టి బయటికి పంపడం. ఎన్ని నీళ్లు తోడాడు ఆ చేతులతో... ఆ మాట తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

వాగు వెంట నడిచారు ఇద్దరూ. వాగు కిన్నెరసానిలో కలిసే చోట గొర్లు కాసేవాణ్ని అడిగారు.

"కిందికి పోయుంటది."

కిన్నెరసాని గోదారిలో కలిసే చోట, బూర్గంపాడు రేవులో పడవ మనిషిని అడిగారు.

"నీళ్లు మస్తుగుండె అక్కా. కిందికి పోయుంటది."

కుక్కునూరులో అడిగారు. వేలేరుపాడులో అడిగారు. వల వేసేవాణ్ని, ఇసుక తోడేవాణ్ని, బట్టలు ఉతికే ఆమెను. అందరిదీ ఒకటే మాట. అందరి కళ్లలోనూ ఒకటే జాలి. అందరి చెయ్యీ నది పోయే వైపుకే.

కిందికి.

ఇంకా కిందికి.

ఆ తర్వాత కొండలు వచ్చాయి. ఒడ్డు వెంట దారి లేదు. నీళ్లు కొండల మధ్యకు దూరి పోయాయి, మనుషులు దూరలేకపోయారు. వెనక్కి తిరిగారు.

ఇంట్లో బిచ్యా తల్లి సోమ్లి పోరు మొదలుపెట్టింది. "బట్టలన్న పెట్టి మట్టి చెయ్యుండ్రి. పిల్ల ఎన్ని దినాలు తిరుగుతది గట్ల, జాగ లేక?" తండా పెద్దలూ అదే అన్నారు. బిచ్యా కూడా అదే అనుకున్నాడు, పైకి అనలేదు. రూప్లి ఊ అంటేనే ఆ గొయ్యి. ఆ గొయ్యి తవ్వితేనే అతనికి ఏడుపు. వస్తుందని తల్లి గుమ్మంలో ఎదురుచూస్తున్న పిల్ల కోసం తండ్రి ఏ మొహంతో ఏడుస్తాడు?

ఏడవాలని ఉంది అతనికి. అంతే. వాకిట్లో కూలబడి, నలుగురిలో, గొంతు పోయేదాకా ఏడవాలని ఉంది. వానాకాలం పోయింది, చలికాలం కూడా పోతోంది. అతని ఏడుపు అతని దగ్గరే ఉండిపోయింది.

మంగయ్య బస్సు సంగతి చెప్పిన సాయంత్రం రూప్లే నోరు విప్పింది.

"నీళ్లు ఆగిన కాడికి పోదాం జోస్న బాపూ. అందరు కిందికి, కిందికి అన్నరు గదా. ఇగ కింద అనేది లేని కాడికి పోయి చూద్దాం. గాడ గూడ లేకపోతే..." అని ఆగింది. పొయ్యిలో కట్టె సర్దింది. "నీ అమ్మ చెప్పినట్టే చేద్దాం."

అదీ ఒప్పందం.

తెల్లవారకముందే బయల్దేరిన బస్సు సత్తుపల్లి దాటింది. టేకు చెట్లు అయిపోయాయి. పామాయిల్ తోటలు వచ్చాయి, పోయాయి. ఎర్రమట్టి నల్లబడింది. ఆ పైన ఎటు చూసినా కొబ్బరి చెట్లే. పిల్లలు పాటలు పాడారు. మంగయ్య భార్య నాంచారమ్మ పులిహోర పొట్లాలు పంచింది. రూప్లి పొట్లం విప్పకుండా ఒళ్లో పెట్టుకుంది. ఎవరి కోసం దాస్తోందో అని నాంచారమ్మ ఒక్క క్షణం అనుకుంది. వెంటనే మొహం తిప్పేసుకుంది.

ఒక పొడుగాటి వంతెన వచ్చింది. కింద నీళ్లు. "గోదారి! గోదారి!" అని పిల్లలు ఎగబడ్డారు.

రూప్లి కిటికీకి మొహం ఆనించి చూసింది.

"గిదేనా గోదారి?"

"అవ్."

"గింత సన్నగుందేంది?"

బిచ్యా తొంగి చూశాడు. నిజమే. భద్రాచలం దగ్గర గోదారి చూసిన కంటికి ఇది ఆనలేదు. నది కిందికి వచ్చేకొద్దీ పెద్దది కావాలి కదా? ఇదేమిటి, చిక్కిపోయింది?

"వానలు లేవు గదా," అన్నాడు.

ఆమె వేళ్లు మళ్లీ తువ్వాల కొసకు వచ్చాయి. మూడు పోగులు...

సముద్రం ముందు చెవికి వచ్చింది. తర్వాత ముక్కుకు వచ్చింది. సరుగుడు తోటల సందుల్లోంచి కంటికి వచ్చేసరికి బస్సు మొత్తం గొల్లుమంది. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడని వాళ్లే అందరూ. బొగ్గు గొయ్యి లోతు చూశారు, అడవి లోతు చూశారు. అవతలి ఒడ్డు లేని నీళ్లు చూడలేదు. మంగయ్య ప్యాంటు మడిచి కెరటాల్లోకి పరుగెత్తాడు, పడ్డాడు, ఉప్పునీళ్లు మింగి లేచాడు. నాంచారమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

రూప్లి అటు చూడలేదు. పడవల వైపు నడిచింది.

బిచ్యా వెంట వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు?

పడవలు వరసగా ఉన్నాయి. నీలం రంగువి, ఆకుపచ్చవి, ముక్కు మీద పసుపూ కుంకుమా బొట్లు పెట్టినవి. వలలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఇసుక మీద చేపలు ఎండుతున్నాయి, కాకులు వాలుతున్నాయి, ఒక పిల్ల కర్ర పట్టుకుని అదిలిస్తోంది. రూప్లి ప్రతి పడవలోకీ తొంగి చూసింది. ప్రతి వల కుప్పనూ చూసింది. ఏం వెతుకుతోందో బిచ్యాకు తెలుసు. ఏం వెతుకుతోందో ఆమెకు తెలుసా?

రొయ్యలు ఏరుతున్న ఒక ఆడమనిషి ముందు ఆగింది.

"అక్కా, మా పిల్ల గిట్ల వచ్చిందా?"

వచ్చిందా అంది. దొరికిందా అనలేదు. ఆ ఒక్క మాట దగ్గర దారి మళ్లింది.

ఆ ఆడమనిషి గంప పక్కన పెట్టి లేచింది. "అయ్యో, తప్పిపోయిందామ్మా? ఎంతసేపయ్యింది? పేరేంటి? కంగారుపడకు. ఇక్కడ ఇలాగే తప్పిపోతారు, మళ్లీ కనపడిపోతారు. రా, గుడికాడ మైకులో చెప్పిద్దాం."

చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. చేపల వాసన వేసే ఆ చెయ్యిని రూప్లి వదల్లేదు. బిచ్యా రెండుసార్లు నోరు తెరిచి మళ్లీ మూశాడు. అట్లా కాదమ్మా, ఇవ్వాళ కాదు, ఇక్కడ కాదు... అన్ని నెలల్లో రూప్లి చెయ్యి పట్టుకుని "రా" అన్న మనిషి ఇంకొకరు లేరు. దాన్ని ఎట్లా విడదీస్తాడు?

మైకు గరగరలాడింది.

"భద్రాచలం ప్రాంతం నుంచి వచ్చిన జ్యోత్స్న అనే అమ్మాయి ఎక్కడున్నా ధ్వజస్తంభం దగ్గరకు రావలెను. మీ తల్లిదండ్రులు మీకోసం ఎదురుచూస్తున్నారు."

జ్యోత్స్న. ఎంత చక్కగా పలికాడో ఆ మైకు మనిషి. పిల్ల నేర్పినట్టే.

మళ్లీ చెప్పాడు. మీ తల్లిదండ్రులు మీకోసం ఎదురుచూస్తున్నారు.

ధ్వజస్తంభం పక్కన నిలబడింది రూప్లి. కొంగు సరిచేసుకుంది. మొహం తుడుచుకుంది. జనం వస్తున్నారు, పోతున్నారు. లంగాఓణీ వేసుకున్న పిల్లలు, పొడుగు జడల పిల్లలు, కొత్తగా పెళ్లయిన పిల్లలు. ప్రతి పిల్ల వచ్చేటప్పుడు ఆమె మెడ కొంచెం ముందుకు వచ్చింది. ప్రతి పిల్ల దాటాక వెనక్కి పోయింది.

బిచ్యా కూడా చూశాడు.

సిగ్గు లేకుండా చూశాడు. తెలిసి తెలిసి చూశాడు. మైకులో అంత ధీమాగా పిలుస్తుంటే, అంత సరిగ్గా పేరు పలుకుతుంటే, ఒక్క నిమిషం అతనికీ... ఆ ఒక్క నిమిషానికి తనను తాను క్షమించుకోలేకపోయాడు.

గని వాళ్లందరూ దర్శనం చేసుకుని వచ్చారు. మైకు మాట వాళ్లూ విన్నారు. నాంచారమ్మ వచ్చి రూప్లి పక్కన నిలబడి, ప్రసాదం చేతిలో పెట్టి, తన కొంగుతో తన కళ్లు ఒత్తుకుంది. "రా చెల్లె," అంది.

రూప్లి కదిలింది. ఆ ప్రసాదం కూడా పులిహోర పొట్లం పక్కనే సంచిలోకి పోయింది.

లైట్‌హౌస్ మెట్లు ఎక్కారు మగవాళ్లు, పిల్లలు. రూప్లి కింద నీడలో కూర్చుంది. మంగయ్య బలవంతాన బిచ్యాను లాక్కుపోయాడు.

పైనుంచి అంతా కనిపించింది. కొబ్బరి తోటలు. అద్దాల్లాంటి రొయ్యల చెరువులు. మడ అడవి ముదురు పచ్చగా, చిక్కగా... ఆ పక్కన గోదారి. ఒంపు తిరిగి, తొందర లేకుండా వచ్చి, సముద్రంలోకి పోతోంది. కొంత దూరం దాని రంగు దానిదే. ఆ తర్వాత లేదు.

అయిపోయింది, అనుకున్నాడు బిచ్యా.

ఇంతే. ఇదే చివర. ఇక కింద లేదు. గాలి ఈడ్చి కొడుతోంది, తువ్వాల ఎగురుతోంది, అల్లిన కొసలు మొహానికి తగులుతున్నాయి. ఎన్ని నెలల తర్వాతో గుండె కొంచెం వదులైంది. రేపు తండాకు పోయాక వాగుకు ఎగువన, చింతల కింద గొయ్యి తవ్వాలి. పచ్చ పరికిణీ పెట్టాలి, పండక్కి కుట్టించింది. ఆ తర్వాత ఏడవాలి. ఆకలిగొన్న మనిషి అన్నం గురించి ఆలోచించినట్టు అతను ఏడుపు గురించి ఆలోచించాడు.

"గొప్పగుంది గదా తమ్మీ!" అన్నాడు మంగయ్య.

"అవ్," అన్నాడు బిచ్యా. నిజంగానే అన్నాడు.

పొద్దు వాలుతుండగా కలిసే చోటుకు పోయారు. అన్నాచెల్లెళ్ల గట్టు అంటారట. ఇసుక మేట. ఇటు నది, అటు సముద్రం. ఇటు నీళ్లు మెల్లగా పాకుతున్నాయి, అటు నీళ్లు లేచి పడుతున్నాయి. మిగతావాళ్లు గవ్వలు ఏరుకుంటూ దూరంగా పోయారు. వీళ్లిద్దరే మిగిలారు. కొంచెం అవతల ఒక ముసలాయన పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

రూప్లి నది వైపు నీళ్లలో దిగింది. పిక్కల దాకా. వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుకతో తాకి చూసింది.

"ఉప్పు," అంది.

"సముద్రం గదా."

"మన వాగు నీళ్లేనా గివి?"

"మనవే. అన్ని కలిసినయి."

చాలాసేపు అట్లాగే నిలబడింది. నోరు జారకుండా బిచ్యా పళ్లు బిగబట్టాడు. ఆమె సంచిలోంచి దువ్వెన తీసింది. దువ్వెనకు చుట్టిన రిబ్బను మెల్లగా విప్పింది. ఇసుక మరక ఇంకా పోలేదు దానికి. రెండు చేతులా పట్టుకుంది. గాలికి అది సముద్రం వైపు లాగుతోంది.

"సరే జోస్న బాపూ," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఇంటికి పోయినంక నీ అమ్మ చెప్పినట్టే చెయ్."

బిచ్యా గొంతులో ఏదో కదిలింది. అది పైకి వస్తోంది. వానాకాలం నుంచి అడుగున పడి ఉన్నది... వస్తోంది. ఇంకొక్క నిమిషం. ఆమె వేళ్లు వదిలితే చాలు.

అప్పుడు ఆగి ఉంటే ఎంత బాగుండేది!

కానీ ప్రతి రేవులోనూ అడిగిన నోరు అది. అడిగిన ప్రతిచోటా కిందికి అని విన్న చెవులు అవి. కింద ఇక లేదు అని ఒక్క మనిషి నోటి నుంచి వినాలని ఉంది, అంతే. ఆమె కూడా వింటే మంచిదే కదా. ముసలాయన వైపు తిరిగాడు.

"పెద్దయ్యా, గోదారి గీడనే ఆగిపోతది గదా? ఇగ కింద ఏం లేదు గదా?"

ముసలాయన తలెత్తాడు. "కిందేముంటాదండీ? సముద్రవే. ఎక్కణ్ణుంచొచ్చారు?"

"భద్రాచలం అవతల. అడవి."

"శానా దూరం." రూప్లి మొహం చూశాడు, ఆమె చేతిలో రిబ్బను చూశాడు, అతనికి ఏదో అర్థమైంది. "ఎవర్నన్నా పోగొట్టుకున్నారామ్మా?"

"బిడ్డ," అంది రూప్లి. "వరదల పోయింది."

వల అల్లే చెయ్యి ఆగింది. ఆ ముసలాయన మంచివాడు. మంచివాడు కాకపోయినా బాగుండేది, అయ్యో అని ఊరుకునేవాడు. ఈయన వల పక్కన పెట్టి, లేచి వచ్చి, గుర్తు చేసుకోవడానికి సిద్ధమై, అడగవలసిన మొదటి మాట అడిగాడు.

"ఏ పాయమ్మా?"

రూప్లి కళ్లు వెలిగాయి. ఎన్నాళ్లుగానో ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు. ఎంత మందిని అడిగారు, ఒక్కరైనా పిల్ల ఎట్లా ఉంటుంది అని అడిగారా?

"మూడు పాయలు," అంది గబగబా. "మూడు పాయల జడ, నడుం కిందికి ఉంటది. గానీ ఆ దినం రెండు జడలే ఉండె, హాస్టల్ల ఏసినయి. మూడు పాయలు తీసేది నేను. ఆ దినం నేనింక తియ్యలే..."

ముసలాయనకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇసుక వైపు చూశాడు.

"జడ కాదు తల్లీ. గోదారి పాయ." గొంతు తగ్గించాడు. "పైన ధవళేశ్వరం ఆనకట్ట కాణ్ణుంచి గోదారి చీలిపోద్దమ్మా. ఇది వశిష్ఠ పాయ. గౌతమి పాయ అటు యానాం కాసి పోద్ది. వైనతేయ ఓడలరేవు కాడ కలుద్ది. పెద్దోళ్లు ఏడు పాయలంటారు. వరదొచ్చినప్పుడు ఏది ఏ పాయలో పోద్దో మనకేం తెలుద్ది? మా కంట పడలేదంటే... ఆయ్, ఇటు రాలేదేమోనమ్మా."

ఓదార్పుగానే అన్నాడు. అంతకంటే పెద్ద ఓదార్పు అతని దగ్గర లేదు.

కెరటం ఒకటి వచ్చి ఇసుక మీద పరుచుకుని వెళ్లింది.

బిచ్యా రూప్లి వేళ్ల వైపు చూశాడు. మరేమీ చూడలేదు. గాలిలోకి చాచిన రిబ్బను మెల్లగా వెనక్కి వచ్చింది. ఒక చుట్టు. రెండో చుట్టు. దువ్వెనకు చుట్టేసింది, ఇదివరకటి కంటే బిగువుగా. సంచిలో పెట్టేసింది.

గొంతు దాకా వచ్చిన ఏడుపు మళ్లీ అడుక్కి పోయింది.

ముసలాయన మీద అరవాలనిపించింది. ఎవడు అడిగాడయ్యా నిన్ను పాయల లెక్క? కానీ అడిగింది తనే. నోరు మూసుకుని ఇంకొక్క నిమిషం నిలబడలేక తనే అడిగాడు. ఎవరి మీద అరుస్తాడు?

భద్రాచలం దగ్గర గోదారి ఒకటే. పుట్టినప్పటి నుంచి చూసిన గోదారి ఒకటే. కరకట్ట మీద నిలబడి చూస్తే ఇంత పెద్దది, ఒకటే. అది చీలుతుందని వాళ్లకు ఎవరు చెప్పారు? అడవిలో వాగులన్నీ వచ్చి కలిసేవే. పోను పోను విడిపోయే నీళ్లు ఉంటాయని అతని ఊహలోనే లేదు.

బస్సు హారన్ కొడుతోంది.

తిరుగు దారిలో పిల్లలు అలిసి పడుకున్నారు. సీట్ల కింద గవ్వలు గలగలమన్నాయి. ఎవరో ఎండు చేపలు కొన్నారు, ఆ వాసన బస్సంతా పట్టుకుంది. మంగయ్య వెనక్కి తిరిగి బిచ్యా వైపు చూశాడు. పని అయిందా అన్నట్టు చూశాడు. బిచ్యా తల అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో అతనికే తెలియదు. మంగయ్య మెల్లగా ముందుకు తిరిగిపోయాడు.

మళ్లీ వంతెన వచ్చింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి ఆ వెలుగులో.

"గందుకే," అంది రూప్లి.

"ఏంది?"

"సన్నగున్నది. చీలినంక సన్నగ గాదా మరి."

పొద్దున్నే కనిపెట్టింది ఆమె. వానలు లేవన్నాడు తను.

వంతెన అయిపోయింది. ఆమె చెయ్యి అతని భుజం మీదికి వచ్చి తువ్వాల కొస లాగింది. పొద్దుటి నుంచి అల్లినవన్నీ విప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్క ముడీ గోటితో తీసి, ఒక్కొక్క జడా విప్పి, దారాలన్నీ ఒళ్లో పరిచింది. సీసా తీసి అరచేతిలో ఒక్క చుక్క వేసుకుంది. రెండు చేతులూ రుద్దుకుంది.

"ఇంక ఆరున్నయి," అంది.

యానాం. ఓడలరేవు. ఇంకా పేరు తెలియనివి. ప్రతిచోటా పడవలు, ప్రతిచోటా వలల కుప్పలు, ప్రతిచోటా ఒక మైకు. ఒకవేళ అవన్నీ చూసినా... ఆ పైన అవతలి ఒడ్డు లేని నీళ్లు. నీళ్లు ఆగిన కాడ అనేది లేదని బిచ్యాకు ఇప్పుడు తెలిసింది. చింతల కింద ఆ గొయ్యి ఎవరూ తవ్వరు. పచ్చ పరికిణీ పెట్టెలోనే ఉంటుంది. అమ్మ పోరు పెడుతూనే ఉంటుంది. తను పంపుల దగ్గరికి పోయి నీళ్లు తోడుతూనే ఉంటాడు.

వద్దు రూప్లీ అనాలి. పిల్ల లేదు రూప్లీ అనాలి. ఒక్కసారి. అనేస్తే అయిపోతుంది.

ఆమె మొహం చూశాడు. పొద్దున లేనిది ఏదో ఉంది ఆ మొహంలో. దాన్ని ఆశ అనడానికి అతనికి మనసు రాలేదు. పని దొరికిన మనిషి మొహం అది.

అనలేకపోయాడు.

ఆమె ఒళ్లో దారాలను విడదీస్తోంది. ఒక పాయ. ఇంకో పాయ. మూడు దాకా వేళ్లకు తెలిసిన పనే, చకచకా సాగింది. నాలుగోది పక్కన పెట్టింది. అయిదోది. ఆరోది. ఏడు. ఒకదాని మీద ఒకటి వేసింది. మూడోది వేసేసరికి మొదటిది జారింది. మళ్లీ తీసింది. అయిదోది అందుకునేసరికి రెండోది వదులైంది. అల్లిక నిలవడం లేదు. విప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. బస్సు కుదిపింది, అన్నీ కలిసిపోయాయి. విసుక్కోలేదు. మళ్లీ ఏడు చేసింది.

"గివి పట్టుకో," అంది.

నాలుగు పోగులు అతని చేతిలో పెట్టింది. "గట్టిగ పట్టుకో. కదలకు."

పట్టుకున్నాడు.

బయట కొబ్బరి చెట్లు నల్లబడుతున్నాయి. అడవి ఇంకా చాలా దూరం ఉంది. ఆమె వేళ్లు అతని వేళ్ల మధ్య నుంచి పోగును తీసుకుంటున్నాయి, తిరిగి ఇస్తున్నాయి, తీసుకుంటున్నాయి... అతని చేతులు ఆ నూనెతో తడిశాయి.

తువ్వాలకు కొబ్బరినూనె వాసన.